జగన్నాధం గారి చేతి బోణీ

విజయనగరంలో కొత్త కొట్టు తెరిచేవాడు ముహూర్తం ఎవరి చేత పెట్టించుకున్నా, బిల్లు మిషను మీద మొదటి బిల్లు మాత్రం జగన్నాధం గారి చేతే కొట్టించుకుంటాడు. బట్టల కొట్టయితే ఆయన ఒక తువ్వాలు కొంటారు, మందుల కొట్టయితే జండూబామ్ కొంటారు. కొన్నదానికి డబ్బిచ్చి, ఆ బిల్లు ఆయనే కొట్టుకుని, కళ్లకద్దుకుని జేబులో పెట్టుకుంటారు. ఆయన చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. త్రాసును నమ్మని వ్యాపారస్తుడు కూడా చేతివాసిని నమ్ముతాడు మరి.

ఈ పేరు ఆయనకు కంప్యూటర్ల వల్ల వచ్చింది కాదు. గజపతినగరం అవతల పల్లెలో ఆయనది వ్యవసాయం కుటుంబం. తొలకరికి ఆకుమడిలో మొదటి గుప్పెడు విత్తనం వాళ్ల నాన్న చేత వేయించేవారు, ఆయన పోయాక ఈయన చేత వేయిస్తున్నారు. చదువుకుని పట్నం వచ్చి, కంప్యూటరు పాఠాలు చెప్పి, ఆ తర్వాత కొట్లకు బిల్లింగు ప్రోగ్రాము రాసి అమ్మడం మొదలెట్టినా ఆ చెయ్యి ఆయన్ని వదల్లేదు. విత్తనం బదులు బిల్లు వచ్చింది, అంతే తేడా.

ఆ ప్రోగ్రాము ఊళ్లో బాగా అమ్ముడుపోవడానికి చేతివాసి ఒక్కటే కారణం అంటే అబద్ధం. అందులో బిల్లు చెరిపేసే మీట ఒకటుండేది. సాయంత్రం కొట్టు కట్టేముందు ఏ బిల్లు ఉండాలో ఏది ఉండక్కర్లేదో షావుకారు ప్రశాంతంగా ఆలోచించుకునేవాడు. ఆ మీట లేని ప్రోగ్రాము మా ఊళ్లో ఉచితంగా ఇస్తామన్నా పుచ్చుకునేవాడు లేడు.

ఇలాంటి మనిషికి ఫ్రాన్సు బేరం తగిలింది. యానాం నుంచి వెళ్లి పారిస్‌లో స్థిరపడిన ఏజెంటు ఒకాయన, అక్కడి చిన్న చిన్న రొట్టెల కొట్లకూ కిరాణాలకూ చవగ్గా బిల్లింగు ప్రోగ్రాము కావాలని వెతుక్కుంటూ జగన్నాధం గారిని పట్టుకున్నాడు. ఫ్రాన్సు ప్రభుత్వానికి తన వ్యాపారస్తుల మీద మన ప్రభుత్వానికున్నంత నమ్మకమే ఉంది. కాకపోతే వాళ్లు ఊరికే కూర్చోకుండా చట్టం చేశారు. కొట్టిన బిల్లు చెరపకూడదు, దిద్దకూడదు. తప్పు కొడితే దాన్ని రద్దు చేస్తూ కింద ఇంకో బిల్లు కొట్టాలి. తప్పూ ఉండాలి, దిద్దుబాటూ ఉండాలి. ప్రతి బిల్లు మీదా దాని ముందు బిల్లు తాలూకు గుర్తు ముద్రపడాలి. రోజుకోసారి, నెలకోసారి, ఏడాదికోసారి లెక్క మూసి ముద్ర వేయాలి. ఆ లెక్కలన్నీ ఏళ్ల తరబడి దాచాలి. ఇదంతా ప్రోగ్రాములో సరిగా ఉందని మొదట్లో కంపెనీ రాసిస్తే సరిపోయేది, ఆ కాగితంతోనే ఏజెంటు కొన్ని కొట్లలో పెట్టించాడు. ఇప్పుడు బయటి ఆడిటరు చూసి పత్రం ఇవ్వాలన్నారు.

ఆ చట్టం చదివి ఒంటబట్టించుకున్నది జగన్నాధం గారి కోడలు ఈశ్వరి. ఒకప్పుడు ఆయన దగ్గర పాఠాలు నేర్చుకోవడానికి పల్లె నుంచి బస్సులో వచ్చిన పిల్లే. కొడుక్కి పిల్లను వెతికారో, ప్రోగ్రాముకి మనిషిని వెతికారో గానీ రెండూ ఒక్క సంబంధంతో తేలిపోయాయి. కోట దగ్గర మేడ మీద రెండు గదుల ఆఫీసు. మావగారు ప్రోగ్రాము రాస్తారు, కోడలు అందులో తప్పులు పడుతుంది. మొగుడు నవీన్ దాన్ని కొట్టు కొట్టుకూ తిరిగి అమ్ముకొస్తాడు. ఫ్రాన్సుకిచ్చే ప్రోగ్రాములోంచి చెరిపే మీటను పీకేయాలని ఈశ్వరి చెప్పిన రోజున జగన్నాధం గారు కాసేపు గడ్డం గోక్కుని, "మంచి పనే సేస్తన్నావమ్మా. ఈ మీట ఎట్టినందుకు నాకు మనసులో ఎప్పుడూ గుచ్చుకుంటానే ఉంటాది" అన్నారు. ఆయన చేతులతోనే పీకేశారు. ముద్రల గొలుసు మాత్రం ఈశ్వరే రాసింది. నులకమంచం అల్లినట్టు అల్లింది. నడుమ ఒక్క పోగు లాగితే మంచమంతా సడలిపోతుంది, లాగినట్టు అందరికీ తెలిసిపోతుంది.

ఆడిటుకు రెండు రోజుల ముందు, ఒకసారి చూసుకుందామని ఆమె ఫ్రాన్సు కొట్ల పాత లెక్కలు తెరిచింది. మొదటి కొట్టులో మొదటి బిల్లు చూసి ఆగిపోయింది. సరుకు పేరు: బోణీ. వెల: ఒక సెంటు, అంటే యూరోలో నూరోవంతు. దాని కిందే దాన్ని రద్దు చేసిన బిల్లు. రెండో కొట్టు తెరిచింది. బోణీ, సెంటు, రద్దు. మూడోదీ అంతే. అన్ని కొట్లలోనూ అంతే. కొట్టినవారి పేరు దగ్గర జె01 అని ఉంది. అది మావగారి గుర్తు.

మొదట ఆమెకు నవ్వొచ్చింది. ఫ్రాన్సులో రొట్టెల కొట్టుకు విజయనగరంలో కూర్చుని బోణీ కొట్టారు మావయ్య! అక్కడికెళ్లి రొట్టె కొనలేరు కాబట్టి ఒక సెంటు బిల్లు కొట్టి, ఆ కొట్టువాడి లెక్క చెడకూడదని వెంటనే రద్దు చేశారు. పాపం, రద్దు చేయడం కూడా చట్టప్రకారమే చేశారు.

తర్వాత నవ్వు పోయింది. మావగారి దగ్గర మరమ్మతు తాళం ఒకటుంది. ఎక్కడి కొట్టులో మిషను మొరాయించినా ఇక్కడ నుంచి అందులోకి వెళ్లి చూడటానికి. అది చూడటానికి మాత్రమే పనికొస్తుందని ఈశ్వరి అనుకుంది. అనుకోవడమే కాదు, మా కంపెనీ వాళ్లెవరూ కొట్టువాడి మిషనులో బిల్లు కొట్టలేరని ఆడిటరుకు పంపిన కాగితాల్లో రాసింది కూడా. ఇప్పుడు ఒక్కో మిషనూ తెరుచుకుని అది అబద్ధమని సాక్ష్యం చెబుతోంది. సెంటే కదా అనడానికి లేదు. విజయనగరం నుంచి సెంటు బిల్లు కొట్టగలిగినవాడు వెయ్యి యూరోల బిల్లూ కొట్టగలడు. ఆ దేశంవాళ్లు చట్టం చేసింది అచ్చంగా ఈ భయంతోనే.

నవీన్ టీ గ్లాసులు పట్టుకుని వచ్చి ఆమె మొహం చూశాడు.

"ఏటే, అలగయిపోనావు?"

ఆమె తెర చూపించింది. నవీన్ మొదట పకపకా నవ్వాడు. ఈశ్వరి నవ్వకపోయేసరికి తానూ ఆపేశాడు.

"తీసీయ్. ముద్రలేసే తాళం నీ కాడే కదేటి ఉన్నాది? ఆ రెండు బిల్లులూ తీసీసి మొదటి నుంచి మళ్లీ అల్లీయ్. ఎవుడు సూస్తాడు?"

"అల్లగలను. అల్లితే ఎవులికీ తెలీదు కూడా. మరింక నేను ఇన్నాళ్లూ సేసిన పనికి అర్థం ఏటుంటాది, నువ్వే సెప్పు?"

"మరి నాన్న పేరు సెప్పీస్తావా?" నవీన్ గొంతు తగ్గించాడు. "సెప్తే ఆ తాళం లాగీసుకుంటారు. నాన్నని మిషన్ల దగ్గరికి రానివ్వరు. పొద్దున్న లేస్తే నాన్నకి ఇంకో పని లేదే. ఆ ప్రోగ్రాము ముట్టుకోవద్దంటే మనిషి ఏటయిపోతాడో ఆలోసించుకున్నావా?"

ఈశ్వరి ఆలోచించకేం. అదే ఆలోచిస్తోంది. పత్రం రాకపోతే ఫ్రాన్సు బేరం పోతుంది, పోతే పోయింది, ఊళ్లో కొట్లున్నాయి. కానీ ఆయన రాసిన ప్రోగ్రాము గుమ్మం ముందు ఆయన్నే నిలబెట్టి లోపలికి రావద్దనడం తన నోటితో ఎలా? అక్షరం అక్షరం నేర్పిన మనిషి. పెళ్లయిన కొత్తలో ఆమె రాసింది పనిచేయక కన్నీళ్లు పెట్టుకుంటే, "ఏడిస్తే పని సేస్తాదంటే సెప్పమ్మా, ఇద్దరం కూకుని ఏడుద్దాం" అని పక్కన కూర్చుని భోజనం మానేసి సరిచేయించిన మనిషి. సొంత నాన్న కూడా ఆమెతో అంత ఓపిగ్గా మాట్లాడిన రోజు లేదు.

మర్నాడు ఆయన ఊళ్లో లేరు. తొలకరి పడింది, పల్లెలో ఆకుమళ్లకు విత్తనం వేయించడానికి పిలుచుకుపోయారు. ఫోనులో చెప్పే మాట కాదని ఈశ్వరి గజపతినగరం బస్సెక్కింది. అక్కడ నుంచి ఆటోలో పల్లెకు వెళ్లేసరికి ఆయన తవిటమ్మ మడి గట్టు మీద పంచె ఎగ్గట్టుకుని నిలబడి ఉన్నారు. తవిటమ్మ ఆయనకు వరసకు చెల్లెలు, మొగుడు పోయాక ఒక్కర్తే సేద్యం చేసుకుంటోంది.

జగన్నాధం గారు తూర్పుకు తిరిగి దండం పెట్టుకుని, తవిటమ్మ పట్టిన చేటలోంచి గుప్పెడు మొలకధాన్యం తీసుకుని బురదలో చల్లారు. ఒక్క గుప్పెడే. తక్కినదంతా తవిటమ్మ చల్లుకుంది. ఆయన కాళ్లు కడుక్కుని గట్టు మీద కూర్చున్నారు. అప్పుడు చూశారు కోడల్ని.

"ఏటమ్మా, ఇంత దూరం వచ్చీసినావు? పని రోజు కదా!"

"ఊరికే మావయ్యా. సూద్దామని."

ఆమె పక్కన కూర్చుంది. ఎలా మొదలెట్టాలో తెలియక, "మీ సెయ్యి పడితే నిజంగా పండుతాదా మావయ్యా?" అని అడిగింది.

ఆయన నవ్వారు. "పిచ్చిదానా. నా సెయ్యి పడ్డ మళ్లు ఎండిపోనివి లేవేటి? నిరుడు ముసురుకి మా సొంత మడే కుళ్లిపోనాది. పంట వస్తాదో రాదో వానకి తెలియాలి. కానీ సూడు, ఆ తవిటమ్మ ఒక్కర్తీ ఉంది. రేపు తెగులొచ్చినా, ఏటొచ్చినా, మొదలెట్టినప్పుడు ఎవుడో ఒకడు మన మేలు కోరి సెయ్యేసినాడు అని ఒక ధైర్యం ఉంటాది. అంతే. అంతకుమించి నా సేతిలో ఏటీ లేదు."

మడిలో తవిటమ్మ వంగి చల్లుతూనే ఉంది. ఈశ్వరి అటే చూసింది. మొహం తెలియని రొట్టెల కొట్టు మనిషి మేలు కోరి ఈయన కొట్టిన సెంటు బిల్లును నేరం అని ఎలా చెప్పడం? ఆయన తాటిముంజలు కొట్టించి పెట్టారు. తింది. మంచినీళ్లు తాగింది. చెప్పకుండానే తిరిగి బస్సెక్కింది.

బస్సులో ఒక నిర్ణయానికి వచ్చింది. గొలుసు విప్పదు. ఆ బిల్లులు తీయదు. అడిగితే మాత్రం, జె01 అనేది పరీక్షలకు వాడే పేరనీ, కొత్తలో తెలియక తనే ఆ బిల్లులు కొట్టాననీ చెబుతుంది. తప్పు తన మీద వేసుకుంటే పోయేది తన పేరే. ఆమె వయసులో పేరు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఒక్క అబద్ధమే కదా అనుకుంది.

ఆడిటు రోజున మధ్యాహ్నం భోజనాలయ్యాక కెమెరా ముందు కూర్చున్నారు. అవతల ఆడిటరమ్మ, పొట్టి జుట్టు, ముక్కు చివర కళ్లజోడు. ఆమె ఇంగ్లీషు ఆమెది, ఈశ్వరి ఇంగ్లీషు ఈశ్వరిది. ఇద్దరూ నెమ్మదిగా మాట్లాడుకుంటే పని జరుగుతోంది. బిల్లు కొట్టించింది, రద్దు చేయించింది, రోజు మూయించింది. నడుమ కరెంటు తీసినట్టు తీసి మళ్లీ పెట్టించింది. ముద్రలన్నీ సరిపోయాయి. పాఠం అప్పజెప్పే పిల్లలా ఈశ్వరి ఒక్కొక్కటీ చూపిస్తూ వచ్చింది. ఆ తర్వాత ఆడిటరమ్మ ఒక కొట్టు పాత లెక్కలు తెరవమంది.

"ఈ మొదటి బిల్లు ఏమిటి? కొట్టు తెరవకముందే పడింది. ఎవరు కొట్టారు?"

గది చివర నవీన్ తలుపు వైపు చూశాడు.

"అది పరీక్షల కోసం వాడే పేరు," అంది ఈశ్వరి. "అప్పట్లో నేను..."

తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు. జగన్నాధం గారు లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కోడలి పక్కన కెమెరా ముందు కూర్చున్నారు. పల్లె నుంచి పొద్దున్నే వచ్చినట్టున్నారు, చొక్కా మార్చుకున్నారు గానీ గోళ్లలో బురద ఇంకా ఉంది.

"నిన్న నువ్వు ముంజలు తింటూ నా మొకం సూడలేదమ్మా. అప్పుడే ఏదో ఉందనుకున్నాను. రాగానే నవీన్‌ని నిలదీస్తే సెప్పీసినాడు," అన్నారు తెలుగులో, తగ్గు గొంతుతో. "నా మీద పేమ ఉంటే ఉండనీ. అబద్ధం మాత్రం ఆడకు. నీ అల్లిక సెడిపోతాది."

ఆ తర్వాత ఆడిటరమ్మ వైపు తిరిగి తన విజయనగరం ఇంగ్లీషులో చెప్పారు. ఆ బిల్లులు తానే కొట్టానన్నారు. తన దగ్గర తాళం ఉందన్నారు, దానితో బిల్లు కొట్టొచ్చని ఈ అమ్మాయికి తెలియదన్నారు. ఎందుకు కొట్టారని అడిగితే మడి గురించి, గుప్పెడు విత్తనం గురించి, చేతివాసి గురించి చెప్పారు. ఇంగ్లీషులో మాట దొరకని చోట చెయ్యి చాచి విత్తనం చల్లి చూపించారు.

ఆడిటరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ కొట్లన్నీ బాగా నడిచాయా?"

జగన్నాధం గారు అబద్ధం చెప్పలేదు. "ఒకటి మూసేశారమ్మా," అన్నారు.

ఆమె నవ్వేసింది. ఆ రోజంతటికీ అదే మొదటి నవ్వు. అయితే నవ్వు నవ్వే, చట్టం చట్టమే. మళ్లీ కళ్లజోడు పెట్టుకుని చెప్పింది. ఆ బిల్లులు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. వాటి కింద ఎవరు, ఎప్పుడు, ఎందుకు కొట్టారో రాసి పెట్టాలి. మీరు వాటిని తీసేసి ఉంటే ఈ మాటలు ఇక్కడితో అయిపోయేవి. కానీ ప్రోగ్రాము రాసినవాడి చేతిలో కొట్టువాడి మిషను తాళం ఉండటానికి వీల్లేదు. ఆ తాళం, ఆ జె01 పేరు, ఇప్పుడే, తను చూస్తుండగా తీసేయాలి. అది జరిగితేనే పత్రం సంగతి ముందుకు వెళుతుంది.

తీసేసే అధికారం ప్రోగ్రాములో ఒక్క ఈశ్వరికే ఉంది. ఆమె ఆ పేజీ తెరిచింది. పేర్ల వరసలో మొట్టమొదటి పేరు ఆయనదే. ఆ తర్వాతే అందరూ. పక్కన రద్దు అనే మీట. దాని మీద బాణం గుర్తు పెట్టి కూర్చుంది. వేలు కదల్లేదు. ఎదురుగా పారిస్ ఎదురు చూస్తోంది, వెనకాల మొగుడు గోడ వైపు తిరిగాడు.

"నా వల్ల కాదు మావయ్యా," అంది. కళ్లు నిండిపోయాయి. "మీది మీకు కాకుండా సెయ్యమంటే ఎలగ సేస్తాను?"

"నాది నాకు కాకుండా పోదమ్మా. నీ కాడికి వస్తాది." ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు. "మా నాన్న పోయేముందు నన్ను మడి కాడికి తీసుకెళ్లి, సేట నా సేతికిచ్చి, తను గట్టెక్కీసినాడు. నేనూ ఏడ్సినాను. గట్టు మీద నుంచి మడి బాగా కనబడతాది తల్లీ. నొక్కు."

ఈశ్వరి నొక్కింది.

ఆయన పేరు వరసలోంచి తప్పుకుని బూడిదరంగులోకి మారింది. ఆ వెంటనే, జరిగిన ప్రతి పనినీ ఎవరూ చెరపడానికి వీల్లేకుండా రాసి పెట్టే చోట, ఈశ్వరి తన చేత్తో అల్లిన గొలుసు చివర, కొత్త వరస ఒకటి పడింది. జగన్నాధం, ప్రవేశం రద్దు. చేసినవారు: ఈశ్వరి. ముద్ర పడింది.

అది చూసి ఈశ్వరి మొహం తిప్పేసుకుంది. జగన్నాధం గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెర దగ్గరికి వంగి, ఆ వరస మొదటి నుంచి చివరిదాకా చదివారు. మళ్లీ చదివారు.

"దీన్ని సెరపడానికి అవుతాదా?"

"అవదు మావయ్యా."

"నీ వల్ల కూడా అవదా?"

"ఆడిటరమ్మ సూసీసినాది, ఇంక ఎవులి వల్లా అవదు. ఎన్నేళ్లయినా అలగే ఉండిపోతాది."

"అయితే ఇంకేటి కావాలే," అన్నారు ఆయన. "నా పేరు, దాని పక్కనే నీ పేరు. ఇంతకాలం నేను పోయాక ఇది ఎవుడి సేతిలో పడతాదో అని బెంగుండేది. ఇదిగో, ముద్రేసి మరీ రాసీసినావు."

ఈశ్వరి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఆ బురద గోళ్ల మీద నుదురు ఆనించి ఏడ్చేసింది. ఆయన ఇంకో చేత్తో ఆమె వీపు నిమురుతూ, అలవాటుగా తెర మీద ముద్రలు సరిగా పడ్డాయో లేదో చూసుకుంటూ కూర్చున్నారు.

ఆడిటరమ్మకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా తర్వాతి ప్రశ్న అడగడానికి చాలాసేపు ఆగింది.